నడవని ముప్పై అడుగులు

మా మరిది పోయాడన్న కబురు ఫోనులో వచ్చింది. మంగళవారం, పొద్దున పదీ ఇరవై.

"అవ్వా, ఇమానం సారును లారీ గుద్దినాది. పెనుకొండ మలుపుకాడ. నేను ఈడనే ఉండా. నువ్వు రావల్ల."

"ప్రాణం ఉండాదా?" అని అడిగాను.

అవతల హారన్లు మోగుతున్నాయి.

"లేదవ్వా. నా ఒళ్ళోనే పాయ."

ఆ గొంతు ఎవరిదని నేను అడగలేదు. నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట మా మరిది కుడి మణికట్టును కట్టెతో కొట్టి విరిచిన గొర్రెల కాపరిది ఆ గొంతు.

మరిది అంటే మా వారి తమ్ముడు. ధర్మవరంలో ముప్పై ఏళ్ళు పట్టుమగ్గాలకు జకార్డులు బిగించాడు. చీర అంచులో నెమలి ఏ పోగు దగ్గర తల తిప్పాలో మగ్గానికి చెప్పే యంత్రం జకార్డు. పెళ్ళి చేసుకోలేదు. మా వారు పోయాక, "వదిన ఒక్కతే ఉండకూడదు" అని ఒక ట్రంకుపెట్టె, నాలుగు రంపాలు, ఒక బెంచీ వేసుకుని హిందూపురం వచ్చి మా పెరట్లో రేకుల షెడ్డు కట్టుకున్నాడు. అందులో ఆయన విమానాలు కట్టేవాడు, అందుకే ఊళ్ళో వాళ్ళకు ఇమానం సారు. చేతిలో రేడియో పెట్టె పట్టుకుని, దాని మీది పుల్లలు కదుపుతూ, నేల మీద నిలబడి ఎగరేసేవి. ఆరడుగుల రెక్క, అయిదు కిలోల బరువు. ఎవరైనా బొమ్మ విమానాలు అంటే కోపం వచ్చేది. "బొమ్మ చెయ్యి తెగ్గోస్తాదా?" అనేవాడు.

ఆయన కట్టిన ప్రతి విమానానికీ, అది పడిన ప్రతిసారికీ నేను ఒక నోటు పుస్తకంలో వివరం రాశాను. ఆ పుస్తకంలో ఒక పంక్తి అబద్ధం. ఆయన చెప్పాడు, నేను రాశాను. అబద్ధమని తెలిసే రాశాను. ఆ పంక్తి దిద్దకుండా ఆయన్ని తలుచుకునే అర్హత నాకు లేదు కాబట్టి, తలుచుకుంటూనే దిద్దుతాను.

ఆయన వచ్చిన కొత్తలో ఒకరోజు వంటింట్లో ఉండగా షెడ్డులోంచి ఫెళ్ళుమని చప్పుడు వచ్చింది. ఏ రేకో ఊడి మీద పడిందనుకుని పరిగెత్తాను. పదకొండు రోజులు కూర్చుని చెక్కి, అంటించి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసిన రెక్కను ఆయన మోకాలికి ఆనించి విరుస్తున్నాడు. పళ్ళు బిగబట్టి ఉన్నాడు. చక్క పేళ్ళు గోడకు తగులుతున్నాయి.

"ఏమప్పా, నీకేమన్నా పట్టిందా?" అన్నాను.

"యాడ ఇరుగుతాదో చూస్తాండా వదినా."

"పదకొండు రోజుల పని!"

"ఈడ ఇరిగితే చిమ్మి పారేస్తాం. పైన ఇరిగితే ఎవరి నెత్తిన పడుతుందో."

అది ఆయన పద్ధతి. ఏ నమూనా అయినా రెండు రెక్కలు కట్టేవాడు. ఒకటి విరగ్గొట్టడానికి, ఒకటి ఎగరేయడానికి. మొదటిదాన్ని తిరగేసి రెండు స్టూళ్ళ మీద పెట్టి, మధ్యలో వేరుశనక్కాయల సంచులు ఒక్కొక్కటే పేర్చేవాడు. విమానం ఎంత బరువో దానికి అయిదింతలు మోస్తేనే రెండో రెక్కకు పని మొదలు. ఆ తర్వాత కూడా ఆపేవాడు కాదు. విరిగేదాకా పేర్చేవాడు. చివరి సంచికి రెక్క కూలిపోయి కాయలు షెడ్డంతా చిమ్మేవి. చీపురు తెచ్చేది నేను. విరిగిన చోట వంగి, కళ్ళద్దాలు నుదుటికెక్కించి, పుండు చూసే డాక్టరులా చూసేవాడు.

జిగురుకూ అదే శిక్ష. రెండు చక్కముక్కలు అంటించి ఒక రోజు ఆరనిచ్చి, బెంచీ అంచున పెట్టి సుత్తితో కొట్టేవాడు. అతుకు దగ్గర విడిపోతే ఆ సీసా చెత్తబుట్టలోకి. చక్క చీలిపోయి అతుకు మాత్రం అట్లాగే ఉంటే సీసాకు మార్కులు. రెక్కను విమానం ఒంటికి మేకులతో బిగించేవాడు కాదు. రబ్బరు బ్యాండ్లతో కట్టేవాడు. "పడేటప్పుడు ఊడిపోవల్ల. గట్టిగా పట్టుకున్నదే ముక్కలైతాది" అనేవాడు.

ఇంజను గడ్డి కోసే మిషన్ నుంచి తీసినది. దానికి ముందు తిరిగే రెండు రెక్కల చక్కను అందరూ ప్రొపెల్లర్ అంటారు. ఆయన కత్తి అనే అనేవాడు. విమానాలు నేర్చుకుంటామని ఊళ్ళోంచి అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళకు ఆయన మొదటి పాఠం ఒకటే. విమానం తోకను ఇనుప గుంజకు తాడుతో కట్టి, ఇంజను తిప్పి, ఒక పొట్లకాయ తీసుకుని ఆ కత్తికి చూపించేవాడు. మూర పొడుగు కాయ కళ్ళు మూసి తెరిచేలోగా పిడికెడు మిగిలేది. మిగతాది వచ్చినవాళ్ళ చొక్కాల మీద ఉండేది.

"ఇప్పుడు చెప్పండప్పా, యాడ నిలబడల్ల?"

"ఎనక సార్."

"పక్కన?"

"పక్కన కూడా వద్దు సార్."

సగం మంది రెండో రోజు రాలేదు. ఆ షెడ్డు గోడ మీద ఆకుపచ్చ మరకలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కొన్న పొట్లకాయలు కూరకు మిగిలేవి కావని గొడవ పడితే, "వేలు తెగినోని ఇంట్లో కూర దిగదు వదినా" అన్నాడు. ఆ తర్వాత నేను రెండు కాయలు తెచ్చేదాన్ని.

పుస్తకం మొదలైంది మొదటి విమానం పడిన రోజు. హిందూపురం నుంచి పెనుకొండ పోయే దారికి ఎడంగా ఒక బీడు ఉంది. అక్కడ ఎగరేసేవాడు. మా పాత కారు నేనే నడిపి తీసుకెళ్ళేదాన్ని. ఆ రోజు విమానం లేచి, మలుపు తిరిగి, ముక్కు కిందికి పెట్టి రాతి మీద పడి బద్దలైంది. ఆయన గాలిని తిట్టాడు. నేను ముప్పై రెండేళ్ళు హైస్కూలులో లెక్కలు చెప్పినదాన్ని. ఊరికే గాలి అంటే ఒప్పుకోలేదు.

"గాలి ఏ పక్క నుంచి?"

"ఏమో, కొండ పక్క నుంచి."

"విమానం బరువెంత? తూచినావా?"

"చేత్తో లేపి చూస్తి కదా."

"పడే ముందు నువ్వు ఏ పుల్ల ఎటు నెట్టినావు?"

"ఇదేం బడా వదినా, కోర్టా?"

మర్నాడే అరలు గీసిన పుస్తకం కొన్నాను. రోజు, గాలి, బరువు, ఎగిరిన నిమిషాలు, పడిన చోటు, కారణం. చివరి అర పేరు ‘తప్పు ఎవరిది’. చక్కదా, జిగురుదా, గాలిదా, చేతిదా. ఆ అర పెట్టింది నేనే. మొదట్లో ఆయన నవ్వాడు. తర్వాత ఆయనే, ఏదైనా పడగానే ముక్కలు ఏరకముందే, "కోర్టు తెరువు వదినా" అనేవాడు. ఆయన తప్పయితే దాచేవాడు కాదు. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ తికమకలో కుడికి బదులు ఎడమకు నెట్టి మూడు విమానాలు ముక్కలు చేశాడు. మూడుసార్లూ ‘చెయ్యి’ అని తానే చెప్పి రాయించాడు. ఇంత సూటి మనిషిని నేను బడిలో చూడలేదు, స్టాఫ్ రూములో అసలే చూడలేదు.

ఆ పుస్తకం మొదటి పేజీలో ఆయన చెప్పగా నేను రాసిన నియమాలు ఉన్నాయి. నాలుగోది ఇది: ఎగరేసే ముందు రేడియో బలం తగ్గించి, పెట్టె పట్టుకుని విమానం నుంచి ముప్పై అడుగులు నడవాలి. అక్కడి నుంచి పుల్ల కదిపితే తోక కదలాలి. కదలకపోతే ఎగరేయకూడదు. విమానం మీద ఏ మార్పు చేసినా, ఒక కాగితం అంటించినా సరే, మళ్ళీ నడవాలి.

ఇక చీర సంగతి.

రెక్క ఎముకల మీద ఆయన పట్టు కప్పేవాడు. ధర్మవరం మనిషికి ప్లాస్టిక్ కాగితం నచ్చలేదు. ఉడకబెట్టి బంక తీసిన పట్టును తడిపి, రెక్క మీద లాగి పరిచి, పల్చని లాకరు వార్నిషు పూస్తే అది ఆరేకొద్దీ బిగుసుకుని, వేలితో కొడితే డప్పులా మోగేది. ఒకసారి గుడ్డ చాలక నన్ను పాత చీర అడిగాడు. నా పెళ్ళినాటి మెంతిరంగు చీర మడతల వెంట చిరిగిపోతూ ఉంది. ఇచ్చాను. చీర ఒళ్ళంతా కత్తిరించి తీసుకుని అంచూ కొంగూ పక్కన పెట్టాడు.

"ఇదెందుకు వదిలేస్తివి?"

"వెండి జరీ కదా వదినా. బరువు."

అంతే అన్నాడు. మరే కారణం చెప్పలేదు. నేను ఆ అంచును తూచాను. నలభై గ్రాములు. విమానం ముక్కులో బరువు కోసం పెట్టిన సీసం ముక్కలోంచి అంతే కోశాను. ఎగరేసే రోజు పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు, ఆ అంచును విమానం ఒంటి చుట్టూ, ముక్కు నుంచి రెక్కల దాకా, బట్ట కనిపించకుండా చుట్టి అంటించాను. రెండు వేళ్ళ మీద ఎత్తి చూశాను. తూకం సరిగ్గా కుదిరింది. ఆయన చెప్పిన కారణానికి నేను లెక్క తేల్చాను. చెప్పని కారణం, ఆయనకే తట్టని కారణం, ఒకటి ఉండొచ్చని నాకు తోచలేదు. రేడియో మాట వినే చిన్న పెట్టె ఆ ఒంటి లోపలే ఉంది. నేను దాన్ని, రేడియో మాటకు అడ్డం పడే వెండితో చుట్టేశాను.

ఆయన వచ్చి చూసి పెద్దగా నవ్వాడు. "పెండ్లికూతురు అయిపాయ కదా!" అన్నాడు. బీడుకు పోయాక మాత్రం పెట్టె చేతికి తీసుకుని, "మళ్ళీ ముప్పై అడుగులు నడవల్ల వదినా, గుడ్డ మారింది" అన్నాడు.

"నిన్ననే నడిచినావు. పుస్తకంలో ఉంది. గాలి లేస్తాంది, కానియ్యి" అన్నాను.

ఆయన ఒకసారి విమానం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. నేను గడియారం చూస్తున్నాను. ఆయన నడవలేదు.

విమానం అందంగా లేచింది. అది చెప్పకపోతే అది కూడా అబద్ధమే. ఎండకు జరీ మెరుస్తూ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో దూరంగా, కొండ వైపు పోయింది. ఆయన పుల్ల కుడికి నెట్టాడు. అది తిరగలేదు. మళ్ళీ నెట్టాడు. "వినడం లేదు" అన్నాడు, నాతో కాదు. ఒక రెక్క కిందికి వాలి, అది సుడి తిరుగుతూ దిగడం మొదలుపెట్టింది. రేడియో మాట తెగితే ఇంజను నెమ్మదించేలా ఆయన ముందే పెట్టి ఉంచాడు. నెమ్మదించింది. కానీ అయిదు కిలోల బరువు ఆకాశంలోంచి పడుతుంటే ఇంజను నెమ్మదించడం ఎవరిని కాపాడుతుంది? కింద గొర్రెలున్నాయి.

పొట్టేలు మెడ తెగింది. పక్కనున్న గొర్రె నడుం విరిగి, ముందుకాళ్ళతో నేలను గీరుతూ అరిచింది. విరిగిన కత్తి ఇంకా తిరుగుతూనే ఉంది, విమానం మంద మధ్య దొర్లుతోంది. కాపరి దాన్ని పట్టుకోబోయాడు. మోచేతి కింద కండ తెరుచుకుంది. నేను దూరం నుంచి కూడా ఎరుపు చూశాను. మా మరిది అటే పరిగెత్తాడు, పెట్టె పట్టుకుని, ఇంజను ఆర్పే మీట నొక్కుతూ. నేను వెనక పరిగెత్తాను.

కాపరి, అతని బావమరుదులు ఇద్దరు, కట్టెలు పట్టుకుని ఎదురొచ్చారు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మోకాలి వెనక. ఆయన కూలబడ్డాడు. పెట్టె వదల్లేదు.

"పెట్టె ఇడువు! ఇడువురా! దాంతోనే నడిపిస్తాండాడు, ఇడువు!"

"ఆర్పుతాండానప్పా! ఆర్పనీండి! యాడన్నా కొట్టండి, చేతులు వద్దు!"

ఆయన ఆ పెట్టెతో ఇంజను ఆర్పాలని చూస్తున్నాడు. వాళ్ళకు ఆయన దాన్ని నడిపిస్తున్నట్టే కనిపించింది. కాపరి కట్టె రెండు చేతులతో ఎత్తి మణికట్టు మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో రెక్క విరిగే చప్పుడే. సరిగ్గా అదే. అదే క్షణంలో ఇంజను ఆగింది. విమానం ఒళ్ళు చీలి, జరీ గుడ్డ చిరిగి, లోపలి పెట్టెకు మాట అందినట్టుంది. వాళ్ళకు మాత్రం చేయి విరిగితే ఇంజను ఆగినట్టు అయింది.

"తప్పు నాదే. ఆమెకు ఏమీ తెలీదు. ఆమెను ఏమనొద్దండి" అని నేల మీద పడి అరుస్తున్నాడు మా మరిది.

నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన నా నోరు ఆ రోజు తెరుచుకోలేదు.

నెత్తురు చూసి వాళ్ళే ఆగారు. ఇద్దరు గాయపడినవాళ్ళనూ వెనక సీటులో కూర్చోబెట్టి పెనుకొండ ఆసుపత్రికి నేనే కారు నడిపాను. అద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు. ఒకరి చెయ్యి తువ్వాలులో, ఇంకొకరి చెయ్యి ఒళ్ళో, వంకరగా.

"నా పొట్టేలును సంపితివి కదప్పా" అన్నాడు కాపరి.

"సంపితి. నువ్వు నా చెయ్యి ఇరిస్తివి."

"ఇరిస్తి."

"నీది లోతుగా తెగినాదా?"

"ఎముక కనిపిస్తాంది."

"తువ్వాలు గట్టిగా చుట్టుకో. ఇంకా గట్టిగా. పైకెత్తి పట్టుకో."

కొంతదూరం పోయాక కాపరి, "నీ మిందనే వాంతి చేసుకుంటానేమో" అన్నాడు. "చేసుకో. నాకు రెండో చెయ్యి బాగుండాదిలే, తుడుచుకుంటా" అన్నాడు మా మరిది. కాపరి నవ్వబోయి ఏడ్చాడు.

ఆసుపత్రిలో అడిగినవాళ్ళకు మా మరిది బండి మీద నుంచి పడ్డానని చెప్పాడు. పొట్టేలుకు బదులు పొట్టేలు, గొర్రెకు బదులు గొర్రె కొనిచ్చాడు. నా చేత ఒక్కటీ కొననివ్వలేదు.

కట్టు ఇంకా విప్పకముందు, ఒక సాయంత్రం, వంటింటి కిటికీలోంచి ఆయన్ని చూశాను. రేడియో మాట వినే ఆ పెట్టెను, దానికి తగిలించిన తోక ముక్కను స్టూలు మీద పెట్టాడు. మెడలో రేడియో పెట్టె వేలాడదీసుకుని, ఎడం చేత్తో పుల్ల కదుపుతూ నడిచాడు. నేను అడుగులు లెక్కపెట్టాను. ముప్పై. తోక కదులుతూనే ఉంది. వెనక్కి వచ్చి, చిరిగిన జరీ అంచును దాని చుట్టూ చుట్టి, మళ్ళీ నడిచాడు. పన్నెండో అడుగు దగ్గర తోక ఆగిపోయింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత అంచును విప్పి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వచ్చాడు.

"పుస్తకం తే వదినా. పడినవాటిలో యాభై మూడోది రాయలేదు మనం."

తెచ్చాను.

"కారణం, వైరు వదులు. తప్పు, చేతిది."

"ఖాయమా?" అన్నాను.

"ఖాయమే. రాయి."

రాశాను. నేను కిటికీలోంచి చూశానని ఆయనకు తెలుసో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది. బొటనవేలు పుల్ల మీద నిలవలేదు. ఆయన మళ్ళీ ఎగరేయలేదు, కానీ కట్టడం మానలేదు. ఆరేళ్ళలో తొమ్మిది విమానాలు కట్టాడు. ఎడం చేత్తో రంపం పట్టేవాడు. చక్కను కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి కదా. ఆ చెయ్యి కాపరిది. హిందూపురం సంతకు వచ్చిన ప్రతిసారీ షెడ్డుకు వచ్చేవాడు. కుట్లు మిగిల్చిన గీత ఉన్న ఆ చేతితో చక్కను బెంచీకి అదిమి పట్టుకునేవాడు.

"కదలొద్దంటే కదుల్తావేందప్పా, గొర్రెనా నువ్వు?"

"నీ రంపమే వంకర పోతాంది సార్. నా మింద పడతావేం?"

"వంకర చేసినోడు ఎవడు?"

"నేనే. పట్టుకో అంటివి, పట్టుకోని ఉండా. కోయి."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను టీ గ్లాసులు పెట్టి వెనక్కి వచ్చేదాన్ని. ఒక్క వాక్యం చెప్పాలి. టీ ఇస్తూ చెప్పొచ్చు, అన్నం పెడుతూ చెప్పొచ్చు. ఆరేళ్ళు చెప్పలేదు. ఆయన ఉన్నంతకాలం ఆ వాక్యం చెప్పడానికి ఇంకా సమయం ఉందనిపించేది.

ఆయన పోయిన పదకొండో రోజున కాపరి వచ్చాడు. తువ్వాలులో చుట్టిన ఏడు వెదురు బద్దలు తెచ్చాడు. రెక్కల్లో పెట్టడానికి మా మరిది అతని ఊరికి పోయి తెచ్చుకుంటున్నవి అవే. రోడ్డు మీద చెదిరిపోయినవాటిని ఏరి పెట్టాడట. ఒకదాని మీద మరక ఉంది.

"ఇవి నరికి పెట్టినానని నేనే ఫోను చేస్తినవ్వా. చెయ్యకుండా ఉంటే ఆయప్ప బతికుండును."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. చీర, అంచు, ముప్పై అడుగులు, కిటికీ, పుస్తకంలో పంక్తి, అన్నీ.

అతను నా మొహం వైపు చూశాడు. "ఏం చెప్తాండావవ్వా? గుడ్డ చుడితే ఇమానం పడతాదా?"

లెక్కల టీచరుకు నోటి మాట చాలదు. షెడ్డులోంచి చివరి విమానం ఒళ్ళు తెచ్చాను. రెక్కలు ఇంకా కట్టలేదు, తోకా లోపల రేడియో మాట వినే పెట్టే ఉన్నాయి. ఆయన ట్రంకుపెట్టెలో నాలుగు మడతలతో అంచు దొరికింది. దాన్ని ఒంటి చుట్టూ చుట్టి, విమానాన్ని అతని చేతుల్లో పెట్టి, రేడియో బలం తగ్గించి, పెట్టె పట్టుకుని పుల్ల కదుపుతూ నడిచాను.

"తోక ఆడతాందా?"

"ఆడతాందవ్వా."

పది అడుగులు. పదకొండు. పన్నెండు.

"ఇప్పుడు?"

వెనక్కి తిరిగి చూశాను. అతను తోకనే చూస్తున్నాడు. అది చచ్చిన పిట్ట తోకలా నిలిచిపోయి ఉంది.

విమానాన్ని మెల్లగా షెడ్డు గుమ్మం దగ్గర బెంచీ మీద పెట్టాడు. తర్వాత వెదురు బద్ద ఒకటి తీసుకుని మోకాలి మీద పెట్టి ఫెళ్ళున విరిచాడు.

"ఊరికే కొడితినా నేను? ఆయప్పను ఊరికే కొడితినా?"

రెండోది విరిచాడు. "ఆరేండ్లు! ఆరేండ్లు ఆయప్ప పక్కన కూసుంటి. నువ్వు టీ ఇస్తివి. తాగితి. ఒక్క మాట చెప్పల్లేదా అవ్వా నువ్వు?" మూడోది. నాలుగోది. పేళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. ఒకటి చెంపకు తగిలి గీరింది. నేను పక్కకు జరగలేదు. "పొట్టేలు పోతే పోయె, మనిషిని కొడితి గదా, ఆయప్ప తప్పు కాకపోయినా తప్పు నాదే అని మొత్తుకుంటా ఉంటే ఇంకా కొడితి గదా!" అయిదోది. ఆరోది.

ఏడోది మరకున్నది. దాన్ని మోకాలికి ఆనించి రెండు చేతులా నెట్టాడు. విల్లులా వంగింది. విరగలేదు. వదలగానే తిరిగి నిటారుగా నిలిచింది. మళ్ళీ నెట్టాడు. మెడ నరాలు తేలాయి. అది విరగలేదు. చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

ఓదార్చడానికి నా దగ్గర ఏమీ లేదు. పుస్తకం తెచ్చి అతని ఎదుట కూర్చున్నాను. యాభై మూడో పతనం ఎదుట ‘వైరు వదులు’ కొట్టేసి, ‘వెండి జరీ చుట్టడం, మళ్ళీ నడవనివ్వకపోవడం’ అని రాశాను. చివరి అరలో ‘చెయ్యి’ కొట్టేసి ‘వదిన’ అని రాశాను. అతనికి చదివి వినిపించాను. అతను విన్నాడు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు.

అప్పుడు లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బెంచీ దగ్గరికి పోయి, విమానం ఒంటి మీద అంచును తానే విప్పాడు. మడత పెట్టలేదు. నేల మీద వదిలేశాడు. గీత ఉన్న చేతిని విమానం కడుపు కింద పెట్టి ఎత్తాడు.

"నడువవ్వా" అన్నాడు.

పెట్టె తీసుకుని నడిచాను. పన్నెండు దాటాను. ఇరవై దాటాను. పెరటి గేటు తీసి సందులోకి పోయి ముప్పై పూర్తి చేసి వెనక్కి తిరిగాను. అంత దూరాన అతని మొహం సరిగ్గా కనిపించలేదు. ఎత్తి పట్టుకున్న ఆ రెక్కల్లేని ఒళ్ళు, దాని వెనక తోక మాత్రం కనిపిస్తున్నాయి. పుల్ల ఎడమకు నెట్టాను. తోక ఎడమకు ఆడింది. కుడికి నెట్టాను. కుడికి ఆడింది.

"ఆడతాందవ్వా!" అని అరిచాడు.

నియమం ప్రకారం అక్కడితో చాలు. నేను ఆపలేదు, అతనూ దించలేదు. తోక అటూ ఇటూ ఆడుతూనే ఉంది.